ద్రవ్యరాశి తెలియకుండానే వాలు తలంపై త్వరణం కనుక్కోవడం ఎలా?

"30 డిగ్రీల వాలున్న నున్నటి తలంపై ఒక దిమ్మె జారుతోంది. దాని త్వరణం ఎంత?" ప్రశ్న ఇంతే. దిమ్మె ఎన్ని కిలోలో చెప్పలేదు. ఇది చూడగానే చాలామంది పెన్ను పక్కన పెట్టేస్తారు. అచ్చుతప్పేమో అనుకుంటారు, లేదంటే ద్రవ్యరాశి ఇంకెక్కడో ఇచ్చి ఉంటారని వెనక్కీ ముందుకీ వెతుకుతారు. త్వరణం కావాలంటే బలం తెలియాలి, బలం కావాలంటే ద్రవ్యరాశి తెలియాలి, అది లేకపోతే లెక్క ఎక్కడ మొదలుపెట్టాలన్నది వాళ్ల టెన్షన్.

ఇక్కడ ఎవరూ ఏమీ దాచలేదు. ద్రవ్యరాశి ఇవ్వలేదంటే అది జవాబులో ఉండదని ముందే చెప్పేసినట్టే. అదెందుకు ఉండదో ఒకసారి చేతులారా రాసి చూసుకుంటే, ఘర్షణ ఉన్నా, వస్తువు దొర్లినా, పైకి తోసినా ఇక తడబడరు.

ముందు యూనిట్లు చూడండి

సూత్రాల జోలికి పోకముందే ఒక చిన్న పరీక్ష. మన దగ్గరున్నవి మూడు: గురుత్వ త్వరణం (జీ), వాలు కోణం (తీటా), విలువ తెలియని ద్రవ్యరాశి (ఎం). జవాబు మీ./సె² లో రావాలి. జీకి ఆ యూనిట్ ఇప్పటికే ఉంది. కోణానికి, దాని సైన్‌కి, కొసైన్‌కి యూనిట్లే లేవు. ఇప్పుడు ఎంను లెక్కలోకి తెస్తే కిలోగ్రాము వచ్చి చేరుతుంది. దాన్ని కొట్టేయడానికి ఇంకో కిలోగ్రాము ఎక్కడా లేదు. కాబట్టి జవాబు "జీ × కోణాన్ని బట్టి వచ్చే ఏదో ఒక సంఖ్య" అన్న రూపంలో తప్ప మరోలా ఉండలేదు. మిగిలిన పనల్లా ఆ సంఖ్యను పట్టుకోవడమే.

బొమ్మ గీయండి, తెలియనిదాన్ని ఎం అనండి

వాలు గీత గీసి, మీద చిన్న దిమ్మె పెట్టండి. దిమ్మెపై పనిచేసే బలాలు మాత్రమే బాణాలుగా వేయండి. ఘర్షణ లేనప్పుడు అవి రెండే. ఒకటి దాని భారం, అంటే ఎంజీ. అది నిట్టనిలువుగా కిందికి ఉంటుంది, తలం ఎంత వాలినా దాని దిశ మారదు. రెండోది తలం దిమ్మెను నెట్టే అభిలంబ బలం. అది తలానికి లంబంగా బయటికి ఉంటుంది. చాలామంది ఇక్కడ "జారే బలం" అంటూ మూడో బాణం కూడా వేస్తారు. అలాంటి బలం విడిగా లేదు, భారంలోని ఒక ముక్కే దిమ్మెను జారుస్తుంది. మూడో బాణం వేస్తే దాన్ని రెండుసార్లు లెక్కపెట్టినట్టవుతుంది.

ఇప్పుడు అక్షాలను తలంతో పాటే వాల్చండి. ఒక అక్షం తలం వెంబడి, రెండోది తలానికి లంబంగా. దిమ్మె తలంలోకి దిగబడదు, తలం వదిలి గాల్లోకి లేవదు. అందుకని లంబ దిశలో త్వరణం సున్నా, కదలికంతా ఒక్క అక్షం మీదే. అక్షాలను మామూలుగా అడ్డంగా, నిలువుగా ఉంచినా జవాబు ఇదే వస్తుంది. కాకపోతే రెండు సమీకరణాలతో కుస్తీ పట్టాలి.

భారాన్ని రెండు అంశాలుగా విడగొడితే తలం వెంబడి ఎంజీ సైన్ తీటా, తలానికి లంబంగా ఎంజీ కొసైన్ తీటా వస్తాయి. ఏది సైన్, ఏది కొసైన్ అన్నది ఏళ్ల తరబడి చదివినవాళ్లు కూడా తారుమారు చేసేస్తారు. బట్టీ పట్టొద్దు. తలాన్ని పూర్తిగా పడుకోబెట్టినట్టు ఊహించుకోండి: కోణం సున్నా, దిమ్మె జారదు. కోణం సున్నా అయినప్పుడు సున్నా అయ్యేది సైన్, కాబట్టి జారే దిశలో సైనే ఉండాలి. తలాన్ని గోడలా నిలబెడితే కోణం 90 డిగ్రీలు, సైన్ విలువ 1, దిమ్మె జీ త్వరణంతో నేరుగా పడిపోతుంది. రెండు కొసలా సరిపోయింది. పరీక్ష హాల్లో నమ్ముకోదగ్గది ఈ ఊహే.

ఇక త్వరణాన్ని 'ఏ' అనుకుని, న్యూటన్ రెండో నియమం (బలం = ద్రవ్యరాశి × త్వరణం) తలం వెంబడి రాస్తే:

ఎం × జీ × సైన్ తీటా = ఎం × ఏ

రెండు వైపులా ఎం ఉంది. కొట్టేస్తే:

ఏ = జీ × సైన్ తీటా

30 డిగ్రీలకు సైన్ 0.5. జీని 9.8 మీ./సె² అనుకుంటే త్వరణం 4.9 మీ./సె². మొదటి ప్రశ్నకు జవాబు ఇదే. అదే తలాన్ని జీ విలువ 1.62 ఉన్న చంద్రుడి మీద పెడితే 0.81 వస్తుంది.

ఆ కొట్టివేత వెనక ఉన్న సంగతి

ఎంను రెండు వైపులా గీత కొట్టేసి ముందుకెళ్లిపోతాం గానీ, అది కనిపించేంత చిన్న విషయం కాదు. ఎడమవైపు ఎం భూమి ఈ వస్తువును ఎంత గట్టిగా లాగుతుందో చెబుతుంది. కుడివైపు ఎం ఈ వస్తువు కదలడానికి ఎంత మొండికేస్తుందో చెబుతుంది. ఈ రెండూ ఒకటే కావాలన్న రూలేమీ లేదు, కొలిచి చూస్తే ఒకటేనని తేలింది. న్యూటన్ బంగారం, వెండి, సీసం, గాజు, ఇసుక, ఉప్పు, కర్ర, నీళ్లు, గోధుమలు ఒక్కొక్కటీ లోలకాల్లో పెట్టి ఊపి చూశాడు. వెయ్యో వంతు తేడా ఉన్నా తన ప్రయోగంలో బయటపడేదని 1687లో రాశాడు. 1971లో అపోలో 15 యాత్రికుడు డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద సుత్తినీ, డేగ ఈకనూ ఒకేసారి వదిలితే రెండూ కలిసే నేలను తాకాయి. బరువైనదాన్ని గురుత్వం ఎక్కువగా లాగుతుంది, కానీ ఆ వస్తువు అంతే ఎక్కువగా మొరాయిస్తుంది. వాలు మీద జరిగేదీ అదే.

కోణం ఇవ్వకపోతే

కోణమాని అక్కర్లేదు. తలం పొడవు కొలవండి, పై కొస కింది కొసకంటే ఎంత ఎత్తులో ఉందో కొలవండి. ఎత్తును పొడవుతో భాగిస్తే వచ్చేదే సైన్ తీటా. ఒకటిన్నర మీటరు పలకను ఒక కొసన 30 సెంటీమీటర్లు ఎత్తితే సైన్ 0.2, త్వరణం 1.96 మీ./సె².

ఒక జాగ్రత్త. పొడవు అంటే వాలు వెంబడి పొడవు, అంటే కర్ణం. నేల మీద అడ్డంగా కొలిచిన దూరంతో భాగిస్తే వచ్చేది టాన్. చిన్న కోణాల్లో రెండూ దాదాపు ఒకటే (ఇక్కడ 0.2కి బదులు 0.204), కానీ 45 డిగ్రీల దగ్గర సైన్ 0.707 అయితే టాన్ 1 అయిపోతుంది. టాన్ వాడితే త్వరణం ఏకంగా జీ అంత వస్తుంది, అంటే దిమ్మె వాలు మీద కాక గాల్లో నేరుగా పడుతున్నట్టే.

ఘర్షణ వచ్చినా ఎం పోతుంది

ఘర్షణ ఉంటే మూడో బాణం నిజంగానే వేయాలి. దిమ్మె కిందికి జారుతుంటే ఘర్షణ పైకి. దాని పరిమాణం మ్యూ × అభిలంబ బలం. మ్యూ అంటే ఘర్షణ గుణకం, ఆ రెండు ఉపరితలాల మధ్య ఘర్షణ ఎంతో చెప్పే సంఖ్య. లంబ దిశలో త్వరణం లేదు కాబట్టి అభిలంబ బలం ఎంజీ కొసైన్ తీటాకు సమానం. చూశారా, ఘర్షణలోనూ ఎం వచ్చి కూర్చుంది. మూడు పదాల్లోనూ ఎం ఉన్నప్పుడు మూడింట్లోనూ పోతుంది:

ఏ = జీ × (సైన్ తీటా − మ్యూ × కొసైన్ తీటా)

30 డిగ్రీల వాలు, మ్యూ 0.2 అనుకోండి. కొసైన్ 0.866. లోపలి విలువ 0.5 − 0.173 = 0.327. త్వరణం 3.2 మీ./సె².

ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు అభిలంబ బలాన్ని ఎంజీ అని రాసేయడం. చదునైన నేల మీద అది నిజం, వాలు మీద కాదు. రెండో తప్పు, జవాబు నెగటివ్ వచ్చినా అలాగే రాసేయడం. 10 డిగ్రీల వాలు, మ్యూ 0.3 పెట్టి చూడండి: 0.174 − 0.295, అంటే మైనస్. నిశ్చలంగా ఉన్న దిమ్మె ఘర్షణ వల్ల పైకి ఎగబాకదు కదా! దానర్థం దిమ్మె కదలదు, త్వరణం సున్నా. అందుకే లెక్క మొదట్లోనే టాన్ తీటా స్థైతిక ఘర్షణ గుణకాన్ని (దిమ్మె ఇంకా కదలనప్పటి మ్యూను) దాటిందో లేదో చూసుకోవాలి. దాటితేనే జారుతుంది. జారడం మొదలయ్యాక వాడాల్సింది గతిక ఘర్షణ గుణకం, అది మామూలుగా కొంచెం తక్కువ.

మ్యూ కూడా తెలియకపోతే? త్రాసు లేకుండానే దాన్నీ రాబట్టొచ్చు. పలకను మెల్లగా ఎత్తుతూ, మధ్యమధ్యలో వేలితో చిన్నగా తట్టండి. తట్టగానే దిమ్మె వేగం పెరగకుండా, తగ్గకుండా ఒకే తీరున జారే కోణం ఒకటి దొరుకుతుంది. ఆ కోణంలో త్వరణం సున్నా కాబట్టి మ్యూ = ఆ కోణం టాన్. అది 15 డిగ్రీలు అనుకుంటే మ్యూ 0.268. ఇప్పుడు పలకను 35 డిగ్రీలకు ఎత్తితే త్వరణం 9.8 × (0.574 − 0.268 × 0.819), అంటే సుమారు 3.47 మీ./సె². తట్టకుండా దిమ్మె దానంతటది కదిలే దాకా ఎత్తితే దొరికేది స్థైతిక గుణకం. రెండింటినీ కలగాపులగం చేయకండి.

పైకి తోసి వదిలితే

దిమ్మెను కింది నుంచి పైకి ఒక తోపు తోసి వదిలేశారు. పైకి వెళ్తున్నప్పుడు ఘర్షణ కిందికి పనిచేస్తుంది, అంటే భారం అంశంతో చేతులు కలుపుతుంది. అప్పుడు రుణ త్వరణం జీ × (సైన్ తీటా + మ్యూ కొసైన్ తీటా). 30 డిగ్రీల వాలు, మ్యూ 0.2 ఉన్న పై ఉదాహరణలో అది 6.6 మీ./సె². తిరిగి దిగేటప్పుడు 3.2. చేతి తోపు ఈ లెక్కలో లేదు, చెయ్యి వదిలాక అది పోయింది.

నాకు ఈ భాగమంటే ప్రత్యేకమైన ఇష్టం, ఎందుకంటే ఘర్షణను కూడా ఇక్కడ మాయం చేయొచ్చు. 6.6నూ 3.2నూ కూడి సగం చేయండి: 4.9. ఘర్షణ లేనప్పటి జీ సైన్ తీటా మళ్లీ బయటికొచ్చింది. ఒకసారి కూడిక, ఒకసారి తీసివేత కావడంతో మ్యూ ఉన్న పదం రద్దయిపోయింది. ఇంకో సంగతి, ఒకే దూరం ఎక్కడానికి పట్టే సమయం, దిగడానికి పట్టే సమయం సమానం కావు. 6.6ను 3.2తో భాగించి వర్గమూలం తీస్తే 1.44. ఎక్కడానికి ఒక సెకను పడితే దిగడానికి 1.44 సెకన్లు. దిగడానికే ఎక్కువ సమయమని చెబితే మొదటిసారి వినేవాళ్లు నమ్మరు.

దొర్లే వస్తువుల లెక్క వేరు

గోళీని వాలు మీద వదిలి, త్వరణం కొలిచి, జీ సైన్ తీటాతో పోల్చి, తక్కువ రావడంతో "ఘర్షణ వల్ల శక్తి నష్టం" అని రాసేసిన రికార్డు పుస్తకాలకు లెక్కలేదు. అసలు కారణం అది కాదు. జారకుండా దొర్లే గోళీకి ముందుకు కదలడంతో పాటు తన చుట్టూ తాను తిరగడం కూడా ఉంది, శక్తిలో కొంత ఆ తిరుగుడుకు పోతుంది. ఎంత పోతుందన్నది ద్రవ్యరాశి ఇరుసు నుంచి ఎంత దూరంగా పరుచుకుని ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది.

సూత్రం: ఏ = జీ సైన్ తీటా ÷ (1 + కె). ఇక్కడ కె అంటే జడత్వ భ్రామకాన్ని (వస్తువు తిరగడానికి ఎంత మొండికేస్తుందో చెప్పే కొలతను) ద్రవ్యరాశి × వ్యాసార్ధ వర్గంతో భాగిస్తే వచ్చే సంఖ్య. ఘన గోళానికి అది 2/5, కాబట్టి త్వరణం జీ సైన్ తీటాలో 5/7 వంతు. ఘన స్తూపానికి 2/3 వంతు, పలుచని బోలు గోళానికి 3/5 వంతు, వలయానికి సగం. ఎం పోయింది సరే, వ్యాసార్ధం కూడా పోయింది. చిన్న ఉక్కు గుండు, పెద్ద ఉక్కు గుండు, చెక్క బంతి, ఘన గోళాలైతే చాలు, కలిసే దిగుతాయి. ఉంగరంలాంటిది మాత్రం ఎంత బరువున్నా వెనకబడుతుంది.

గెలీలియో వాలు ప్రయోగాల్లో వాడింది దొర్లే కంచు గుండునే. దాదాపు 12 మూరల పొడవున్న దూలంలో నున్నటి గాడి తీసి, పార్చ్‌మెంట్ (నునుపు చేసిన పలుచని తోలు) అంటించి, ఒక కొసను ఒకటి రెండు మూరలు మాత్రమే ఎత్తి గుండును దొర్లించానని 1638లో అచ్చయిన పుస్తకంలో రాశాడు. వాలు అంత తక్కువ పెట్టడానికి కారణం గడియారం. సన్నటి గొట్టం నుంచి కారిన నీళ్లను తూచి సమయం కొలిచేవాడు, వేగం ఎక్కువైతే అది అందేది కాదు. దూరం సమయ వర్గానికి అనుపాతంలో ఉంటుందని అలా తేల్చాడు. గుండు తిరగడం వల్ల త్వరణం తగ్గినా ఈ అనుపాతం చెడదు. 5/7 సంగతి తెలియకపోయినా ఆయన తేల్చింది నిలబడింది.

కొలిచి చూడాలంటే

కాగితం మీద లెక్క కాకుండా నిజంగా కొలవాలనుకుంటే సూత్రం ఇంకా తేలిక. నిశ్చల స్థితి నుంచి వదిలితే ఏ = 2 × దూరం ÷ సమయ వర్గం. ఇందులో ద్రవ్యరాశే కాదు, కోణం, మ్యూ, జీ ఏవీ లేవు. టేపు, స్టాప్‌వాచ్ చాలు.

పైన చెప్పిన ఒకటిన్నర మీటరు పలకపై ఘన గోళాన్ని వదిలితే 1.47 సెకన్లు పట్టిందనుకోండి. 3ను 2.16తో భాగిస్తే 1.39 మీ./సె². లెక్క ప్రకారం 1.96లో 5/7 వంతు, అంటే 1.40 రావాలి. బాగానే కుదిరింది. బంతిని చదునైన పలక మీద కాకుండా గాడిలో దొర్లిస్తే మాత్రం ఇంకా తక్కువ వస్తుంది. గాడి అంచుల మీద ఆనుకుని దొర్లేటప్పుడు బంతి అదే దూరానికి ఎక్కువ చుట్లు తిరగాలి.

ఈ పద్ధతికి శత్రువు సమయంలో వచ్చే పొరపాటు. సమయాన్ని వర్గం చేస్తాం కాబట్టి అందులో 3 శాతం తేడా త్వరణంలో 6 శాతం అవుతుంది. మనిషి కంటితో చూసి వేలితో నొక్కడానికి సుమారు 0.2 సెకను పడుతుంది, ఒకటిన్నర సెకనులో అది చిన్న భాగమేమీ కాదు. అందుకని వాలు తగ్గించి సమయం పెంచండి, వస్తువును నెట్టకుండా అడ్డుపెట్టిన స్కేలు తీసి వదలండి, ఐదారు సార్లు కొలిచి సగటు తీయండి. ఫోన్‌లో సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్ ఉంటే వీడియో తీసి ఫ్రేములు లెక్కపెట్టడం అన్నిటికంటే మేలు.

ఇంకో చిట్కా. 40, 80, 120 సెంటీమీటర్లు ఇలా వేర్వేరు దూరాలకు సమయాలు కొలిచి, దూరం వర్గమూలాన్ని నిలువుగా, సమయాన్ని అడ్డంగా వేసి గ్రాఫ్ గీయండి. సరళరేఖ వస్తుంది. దాని వాలును వర్గం చేసి రెండింతలు చేస్తే త్వరణం. బటన్ నొక్కడంలో ప్రతిసారీ ఒకే ఆలస్యం జరుగుతుంటే గీత మూలబిందువు గుండా పోకుండా పక్కకు జరుగుతుంది, కానీ దాని వాలు చెడదు.

ఫోన్ సెన్సర్‌తో ఒక మెలిక

ఫోన్ సెన్సర్ల రీడింగులు చూపించే ఫైఫాక్స్ లాంటి యాప్‌లో యాక్సిలరోమీటర్ (త్వరణం కొలిచే సెన్సర్) ఆన్ చేసి ఫోన్‌నే వాలు మీద జార్చితే త్వరణం నేరుగా కనిపిస్తుందని ఎవరికైనా అనిపిస్తుంది. కనిపించదు. ఆ సెన్సర్‌కు గురుత్వం తెలియదు, తన మీద ఆనిన ఉపరితలం నెట్టేది మాత్రమే తెలుస్తుంది. బల్ల మీద కదలకుండా పెట్టిన ఫోన్ 9.8 చూపించేది అందుకే. ఘర్షణే లేని వాలు మీద జారుతున్న ఫోన్, తలం వెంబడి అక్షంలో సున్నా చూపిస్తుంది!

కానీ దీన్నే మనకు అనుకూలంగా తిప్పుకోవచ్చు. యాప్‌లో 'గురుత్వంతో కలిపి' అని పిలిచే రీడింగును ఎంచుకోండి, పైన చెప్పినట్టు బల్ల మీద 9.8 చూపించేది అదే. ఫోన్‌ను పొడవు వాలు వెంబడి ఉండేలా మెత్తటి పెట్టెలో కదలకుండా బిగించి, ముందు వాలు మీద పట్టుకుని ఆపండి. ఆ అక్షం చూపించేది జీ సైన్ తీటా, 30 డిగ్రీలకు 4.9. తర్వాత వదలండి. జారుతున్నంతసేపూ చూపించేది మ్యూ జీ కొసైన్ తీటా, మన ఉదాహరణలో 1.7. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే 3.2. పెట్టె బరువు, ఫోన్ బరువు, కోణం, మ్యూ ఏవీ అడగకుండా త్వరణం చేతికొచ్చింది. కింద దిండు పెట్టడం మాత్రం మర్చిపోకండి.

ఎం ఎప్పుడు పోదు?

ప్రతి పదంలోనూ ఎం ఉంటేనే కొట్టివేత కుదురుతుంది. ద్రవ్యరాశితో సంబంధం లేని బలం ఒక్కటి చేరినా ఆట మారుతుంది. 10 న్యూటన్ల బలంతో ఎవరో లాగుతున్నారన్నా, స్ప్రింగు తగిలించారన్నా, గాలి నిరోధం లెక్కలోకి తీసుకోవాలన్నా ఎం కావాల్సిందే. బరువైన వాహనం ఇంజిన్ ఆపి ఏటవాలు దిగేటప్పుడు తేలికపాటి దానికంటే వేగం పుంజుకోవడం చూసి "జీ సైన్ తీటా తప్పు" అనుకోనక్కర్లేదు. ఒకే ఆకారం, ఒకే పరిమాణం ఉన్నప్పుడు గాలి రెండింటినీ ఒకేలా అడ్డుకుంటుంది, కానీ ఆ బలాన్ని పెద్ద ఎంతో భాగిస్తే వచ్చే తగ్గుదల చిన్నది.

కప్పీ లెక్కలు ఈ రెండింటికీ మధ్యలో ఉంటాయి. నున్నటి వాలు మీద ఒక దిమ్మె, దానికి కట్టిన తాడు పైనున్న తేలికపాటి కప్పీ మీదుగా వెళ్లి అవతల ఇంకో దిమ్మెను వేలాడదీసింది. ఇక్కడ ద్రవ్యరాశులు విడివిడిగా అక్కర్లేదు, నిష్పత్తి చాలు. వేలాడేది వాలు మీదున్నదానికి ఆర్ రెట్లు అనుకుంటే:

ఏ = జీ × (ఆర్ − సైన్ తీటా) ÷ (1 + ఆర్)

రెండూ సమానమైతే ఆర్ = 1, 30 డిగ్రీల వాలుకు 9.8 × 0.5 ÷ 2 = 2.45 మీ./సె², వేలాడేది కిందికి. ఆర్ సగమైతే సున్నా, రెండూ ఎక్కడివక్కడ నిలుస్తాయి. ఆర్ అంతకంటే తగ్గితే మైనస్ వస్తుంది. ఘర్షణ లెక్కలోలా ఈ మైనస్‌ను సున్నా చేయకూడదు: వాలు మీది దిమ్మె నిజంగానే కిందికి జారుతూ, వేలాడేదాన్ని పైకి లాగుతుంది.